సోరియాసిస్ ఉన్న మనిషికి కన్ను ఎర్రబడితే ‘మద్రాస్ ఐ’ అని సరిపెట్టుకోవద్దు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవారికి 38 ఏళ్ళు, 11 ఏళ్ళుగా సోరియాసిస్. మోచేతుల మీద, తలలో మచ్చలు. ఐదు నెలల కిందట ఎడమ కన్ను ఎర్రబడితే వేళచ్చేరిలో మీ వీధి చివర మెడికల్ షాపాయన ‘మద్రాస్ ఐ’ అని చెప్పి చుక్కల మందు ఇచ్చాడు, పది రోజుల్లో తగ్గింది. ఇప్పుడు నాలుగు రోజులుగా కుడి కన్ను. వెలుతురు చూడలేక ఆఫీసుకి సెలవు పెట్టి, కర్టెన్లు వేసుకుని గదిలో కూర్చుంటున్నారు. రెప్పల మీద పొట్టు లేస్తోందని చర్మానికి రాసే క్రీమే అక్కడా రాస్తున్నారు. చర్మం జబ్బు కంట్లోకి పాకిందా, ముందు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాలా కంటి డాక్టరు దగ్గరికా అని అడిగారు.

రెండో ప్రశ్నకి ముందు చెప్తాను. కంటి డాక్టరు దగ్గరికి, ఈరోజే. నేను రాసిన మిగతాదంతా వెళ్ళొచ్చాక చదువుకున్నా ఫరవాలేదు.

ఇరవై ఏళ్ళకు పైగా చెన్నైలో కంటి వైద్యం చేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం కంటి లోపలి ఇన్‌ఫ్లమేషన్ జబ్బుల మీదే గడిచింది. మనిషిని చూడకుండా ఫలానా జబ్బు అని తేల్చడం తప్పు, తేల్చను. కానీ సోరియాసిస్ ఉన్న మనిషికి కన్ను ఎర్రబడి, వెలుతురు పడక, కొన్ని నెలలకి రెండో కన్ను కూడా అలాగే అయిందంటే, నా మనసులో మొదట మెదిలే పేరు యువైటిస్, అంటే కంటి లోపలి పొర వాచే జబ్బు. అది కాదని తేలేదాకా అదే అనుకుని చూడాలి.

కన్ను ఎర్రబడితే ఈ ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట, మద్రాస్ ఐ. మన పక్క కండ్లకలక అంటాం. 1918లో ఇక్కడి ఎగ్మూరు కంటి ఆసుపత్రిలో గుర్తించడం వల్ల ఆ పేరు పడిందని చెప్తారు. 1819లో మొదలైన ఆసుపత్రి అది. పేరు ఊరిది కావడంతో జనానికి అదంటే భయం లేదు, పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచనా రాదు. నిజమైన మద్రాస్ ఐ చాలావరకు అడినోవైరస్ వల్ల వచ్చేది. ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. అందుకే షాపులో ఏ మందు ఇచ్చినా తగ్గినట్టే ఉంటుంది. చిక్కు అక్కడే ఉంది.

రెండింటికీ తేడా ఇలా చూడండి. కండ్లకలకలో పుసి కడుతుంది, పొద్దున్నే రెప్పలు అంటుకుపోతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ఎరుపు రెప్పల లోపలివైపు ఎక్కువగా, నల్లగుడ్డుకి దూరంగా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో రెండో కంటికి, ఆపైన ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది. యువైటిస్‌లో పుసి ఉండదు, నీళ్ళు కారతాయంతే. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయం కట్టినట్టు, కాస్త ఊదా రంగు కలిసినట్టు కనిపిస్తుంది. నొప్పి గరగరలాడేది కాదు, కనుబొమ దాకా లోపల్నించి లాగే నొప్పి. వెలుతురు అసలు పడదు. ఎంతగా అంటే, బాగున్న కంట్లో లైటు వేసినా బాగాలేని కన్ను నొప్పెడుతుంది, ఎందుకంటే రెండు కనుపాపలూ ఒకేసారి ముడుచుకుంటాయి. మీరు రాసినదాంట్లో పుసి మాట లేదు, ఇంట్లో పిల్లలకి అంటుకున్న మాట లేదు, కర్టెన్ల మాట ఉంది. నాకు ఆందోళన కలిగింది అందుకే.

మరి మొదటిసారి షాపు మందుతో ఎలా తగ్గింది? ఆ పాత సీసా ఇంట్లో ఉంటే తీసి చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అని ఏ పేరున్నా అది స్టెరాయిడ్. షాపుల్లో చేతికిచ్చే కంటి చుక్కల్లో చాలావరకు యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసినవే. అది యువైటిస్‌ని కొంత అణిచేస్తుంది, ఎరుపు పోతుంది, మనిషికి నయమైనట్టు అనిపిస్తుంది. లోపల మిగిలినది మిగిలే ఉంటుంది. ఇంకో ప్రమాదం, ఆ ఎరుపు హెర్పిస్ వైరస్ వల్ల కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద వచ్చిన పుండు అయితే అదే స్టెరాయిడ్ పుండుని పెంచి చూపుకే ఎసరు పెడుతుంది. స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం కింద చూడకుండా ఎర్ర కంట్లో స్టెరాయిడ్ వెయ్యడం చీకట్లో రాయి విసరడమే. ఆ సీసాని మళ్ళీ వాడకండి, డాక్టరుకి చూపించడానికి మాత్రం పట్టుకెళ్ళండి.

ఇక మీ మొదటి ప్రశ్న. చర్మం మీద మచ్చ పాకి కంట్లోకి రాదు. సోరియాసిస్ అంటువ్యాధి కాదు, గజ్జీ తామరా లాంటిదీ కాదు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 17, 23 వంటి రసాయన సంకేతాలని అవసరం లేకపోయినా విడుదల చేస్తుంటుంది. ఆ తొందరకి చర్మ కణాలు నెల రోజుల్లో నడవాల్సిన దారిని వారంలోపే నడిచి, పండకుండానే పైకొచ్చి పొలుసులుగా పేరుకుంటాయి. ఈ సంకేతాలు తిరిగేది రక్తంలో. కంటి లోపల నెత్తురు నాళాలు దట్టంగా ఉండే పొర ఒకటుంది, దాన్నే యువియా అంటాం. కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం ఐరిస్, దాని వెనక కంటి నీటిని ఊరించే భాగం, కంటి వెనక బొమ్మ పడే తెర అయిన రెటీనా కింది పొర, ఇవన్నీ అందులోవే. ఈ దారి తప్పిన రక్షణ వ్యవస్థే కొందరిలో ఆ పొర మీద కూడా పడుతుంది. ఒకే చెట్టుకి రెండు కొమ్మలు అనుకోండి, ఒక కొమ్మ ఇంకో కొమ్మలోకి పాకలేదు, వేరు ఒకటే.

అందుకే మచ్చలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి కంటి ప్రమాదాన్ని లెక్కగట్టలేం. మచ్చలు బాగా తగ్గాయి కదా, కంటికి దానికీ సంబంధం ఉండదులే అని చాలామంది అనుకుంటారు. చర్మం శుభ్రంగా ఉన్న నెలలోనే కన్ను లేచిన వాళ్ళని చాలామందిని చూశాను.

మచ్చల కన్నా ఎక్కువ చెప్పేవి కీళ్ళు. సోరియాసిస్ ఉన్న ఐదుగురిలో సుమారు ఒకరికి సోరియాటిక్ ఆర్థ్రైటిస్ కూడా ఉంటుంది. ఆ కీళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో, అందులోనూ వెన్నెముకకి పాకినవాళ్ళలో, హెచ్ఎల్ఏ బి27 అనే జన్యువు ఉన్నవాళ్ళలో యువైటిస్ ఎక్కువ. కాబట్టి మీవారిని ఇవి అడగండి. పొద్దున్నే లేవగానే నడుము బిగుసుకుపోయి, అరగంటకి పైగా అలాగే ఉండి, నడిచాక సడలుతోందా? రెస్టు తీసుకుంటే తగ్గాల్సింది పోయి పెరుగుతోందా? ఎప్పుడైనా ఒక వేలు మొత్తం మొదలు నుంచి చివరి దాకా ఉబ్బిందా? మడమ వెనక నొప్పి ఉందా? గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలున్నాయా? రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం కదా, నడుం నొప్పి అందుకేనని మీరిద్దరూ సర్దిచెప్పుకుని ఉండొచ్చు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైల్లో ఒక దర్జీ నా దగ్గరికి వచ్చాడు. కన్ను ఎర్రగా ఉంది, యువైటిస్ అని గుర్తుపట్టాను, మందు వేశాను, తగ్గింది. ఏడాదిలో మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వేశాను. మూడోసారి స్లిట్ ల్యాంప్ మీద గడ్డం ఆనించి, పట్టుకోవడానికి చెయ్యి పైకెత్తితే ఫుల్ చేతుల చొక్కా కిందికి జారింది. మోచేతి మీద వెండి రంగు పొలుసులతో అరచేయంత మచ్చ. ఇదేమిటయ్యా అంటే, “అదేదో గజ్జి సార్, పదేళ్ళ నుంచీ ఉంది, కంటి డాక్టరుకి అదెందుకు చెప్పడం అని” అన్నాడు. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు చూస్తే అసహ్యించుకుంటారని ఎండాకాలంలో కూడా చేతులు కప్పుకునే ఉండేవాడు. నడుం నొప్పి మిషన్ తొక్కడం వల్లనే అనుకున్నాడు. అప్పటికే ఐరిస్ లెన్సుకి చుట్టూ అతుక్కుపోయింది, శుక్లం మొదలైంది. రెండుసార్లు నా ముందు కూర్చున్న మనిషిని నేను చొక్కా చేతులు మడవమని అడగలేదు. ఆ తప్పు నాది. అప్పటి నుంచి యువైటిస్‌తో వచ్చిన ప్రతి ఒక్కరి మోచేతులు, గోళ్ళు, చెవుల వెనక, తల వెంట్రుకల అంచు చూడకుండా పంపను.

మీవారికి ఈరోజు పరీక్షలో ఏం చేస్తారంటే, స్లిట్ ల్యాంప్ అనే సన్నటి వెలుగు గీతని కార్నియా మీదుగా లోపలికి వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న కంట్లో కార్నియాకి ఐరిస్‌కి మధ్యనున్న నీరు అద్దంలా ఉంటుంది. యువైటిస్‌లో నాళాల గోడలు కారి తెల్ల కణాలు, ప్రొటీను ఆ నీటిలోకి దిగుతాయి. పాత టూరింగు టాకీసులో ప్రొజెక్టరు వెలుగులో బీడీ పొగ, దుమ్ము తేలేవి గుర్తున్నాయా, అచ్చం అలా కనిపిస్తుంది. ఎంత దుమ్ము తేలుతోందన్నదే మాకు కొలబద్ద. కంటి ప్రెషర్ చూస్తారు. తర్వాత కనుపాప పెద్దది చేసి రెటీనా చూడాలి, ఇది తప్పనిసరి. బి27 రకం సాధారణంగా ఉన్నట్టుండి, ఒకసారికి ఒకే కంట్లో, ముందు భాగంలో వస్తుంది, ఈసారి ఎడమ అయితే ఇంకోసారి కుడి కావచ్చు. మీవారి వరస దానికి దగ్గరగా ఉంది. కానీ సోరియాటిక్ ఆర్థ్రైటిస్‌లో రెండు కళ్ళకీ ఒకేసారి, నెమ్మదిగా, వెనక భాగంలో కూడా రావడం ఉంది. అలాంటప్పుడు కన్ను తెల్లగానే ఉండి, నల్లటి చుక్కలు తేలినట్టు, చూపు మసకబారినట్టు మాత్రమే ఉంటుంది. రెటీనా మధ్యలో నీరు చేరితే, దాని పొరల్ని చూపే ఓసీటీ స్కానులో తెలుస్తుంది.

రెండోసారి వచ్చింది కనుక రక్త పరీక్షలు కూడా అడుగుతారు. సోరియాసిస్ ఉంది కాబట్టి ఇది సోరియాసిస్ వల్లనే అని కళ్ళు మూసుకుని అనుకోకూడదు. మన దేశంలో టీబీ, సిఫిలిస్ కూడా యువైటిస్ తెస్తాయి. అందుకని బి27తో పాటు టీబీ కోసం చేసే మాంటూ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, సిఫిలిస్ పరీక్ష రాస్తే డబ్బు గుంజుతున్నారని అనుకోకండి. స్టెరాయిడ్ మాత్రలో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులో మొదలుపెట్టాక దాగున్న టీబీ పైకి లేస్తే అది కంటితో పోయే నష్టం కాదు.

యువైటిస్ అని తేలితే మొదట ఇచ్చేది మామూలుగా 1 శాతం ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ చుక్కలు. తీవ్రంగా ఉంటే మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకీ వెయ్యమంటారు. మందు అడుగున పేరుకుంటుంది, వేసే ప్రతిసారీ సీసా బాగా కుదపాలి. కుదపకుండా వేసి మందు పని చెయ్యలేదని వచ్చినవాళ్ళు చాలామంది. దాంతో పాటు కనుపాపని తెరిచి ఉంచే హోమాట్రోపిన్ లేదా అట్రోపిన్. నొప్పిలో సగం ఐరిస్ కండరం పట్టేయడం వల్లనే, ఇది దాన్ని వదులు చేస్తుంది, ఐరిస్ లెన్సుకి అతుక్కోకుండా కాపాడుతుంది. ఇది వేసినన్నాళ్ళూ దగ్గరివి మసగ్గా కనిపిస్తాయి, లాప్‌టాప్ పని కుదరదు. చూపు పోతోందని కంగారుపడి మానేస్తుంటారు. మానకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఐదో రోజున. ఎరుపు పోతుంది, నొప్పి పోతుంది, మనిషి చుక్కలు మానేస్తాడు. లోపల ఆ దుమ్ము ఇంకా తేలుతూనే ఉంటుంది. గంటకోసారి నుంచి రోజుకోసారికి మెట్టు మెట్టుగా దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఎప్పుడు దిగాలో అద్దంలో ఎరుపు చూసి చెప్పలేం, స్లిట్ ల్యాంప్ చూసే చెప్పాలి. మధ్యలో రమ్మన్న తేదీలకి వెళ్ళడం ఇంకో కారణానికి కూడా అవసరం. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేస్తే సుమారు మూడో వంతు మందికి కంటి ప్రెషర్ ఎంతో కొంత పెరుగుతుంది, కొద్దిమందికి బాగా పెరిగి, కంటి నరం దెబ్బతినే గ్లకోమాకి దారి తీస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి కొలిస్తేనే తెలుస్తుంది.

స్టెరాయిడ్ మాత్రల విషయంలో ఒక్క హెచ్చరిక. సోరియాసిస్ ఉన్నవాళ్ళకి నోటి ద్వారా స్టెరాయిడ్ ఇచ్చి తగ్గించేటప్పుడో ఆపేటప్పుడో చర్మం ఒక్కసారిగా తిరగబడి, చీము పొక్కుల రకంగా మారే ప్రమాదం ఉంది. కంటి వెనక భాగం ప్రమాదంలో ఉంటే వాడక తప్పదు కూడా. కానీ ఆ నిర్ణయం కంటి డాక్టరు ఒక్కరే తీసుకోకూడదు, ఫోన్లో అయినా చర్మం డాక్టరుతో మాట్లాడమని మీరు అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

మళ్ళీ మళ్ళీ వస్తుంటే కన్ను, చర్మం, కీళ్ళు మూడింటికీ పనికొచ్చే ఒకే మందు ఉందా అని ఆలోచించాలి. మెథోట్రెక్సేట్ అలాంటిదే, చవకైనది కూడా. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు, కాబట్టి రాస్తే వారం పేరు చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. అడాలిముమాబ్ ఇంజెక్షన్ టీఎన్ఎఫ్‌ని అడ్డుకుంటుంది. దానికి 2016లో అమెరికాలో యువైటిస్‌కి కూడా అనుమతి వచ్చింది. 2014 చివరి నుంచి మన దేశంలోనే దాన్ని పోలిన మందులు (బయోసిమిలర్లు) తయారవుతున్నాయి కాబట్టి అప్పటికన్నా అందుబాటులో ఉంది. అదే టీఎన్ఎఫ్ మీద పనిచేసే ఎటనర్సెప్ట్ చర్మానికి, కీళ్ళకి బాగున్నా కంటికి అంత కాపుదల ఇవ్వదు. చర్మం డాక్టరు ఇలాంటి ఇంజెక్షన్ మందు (బయోలాజిక్) ఎంచేటప్పుడు కంటి సంగతి ఆయనకి తెలిసి ఉండాలనేది అందుకే. కన్ను ఒక ఫైల్లో, చర్మం ఇంకో ఫైల్లో ఉండి, రెండు ఫైళ్ళూ ఎన్నడూ ఒక బల్ల మీదికి రాకపోతే నష్టపోయేది మీవారు.

రెప్పల మీద పొట్టు వేరే సంగతి. సోరియాసిస్ రెప్పల మీదికి నేరుగా రావచ్చు. రెప్ప అంచున చుండ్రులా పొలుసులు కడతాయి, వెంట్రుకలు రాలతాయి, కొన్ని లోపలికి తిరిగి కార్నియాని గీరతాయి, కన్ను పొడిబారుతుంది. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన నూలు గుడ్డ ఐదు నిమిషాలు మూసిన రెప్పల మీద ఉంచి, మెత్తబడ్డాక అంచు వెంట నెమ్మదిగా తుడవాలి. గోటితో పీకకూడదు. యువైటిస్ నొప్పి ఉన్న ఈ నాలుగు రోజులు దాని జోలికి పోకుండా డాక్టరుకి చూపించాకే మొదలుపెట్టండి.

ఆయన రాస్తున్న క్రీము పేరు మీరు రాయలేదు. సోరియాసిస్ మచ్చలకి సాధారణంగా రాసేది క్లోబెటాసోల్ వంటి ఘాటైన స్టెరాయిడ్. ఒంట్లో అన్నిటికన్నా పలచని చర్మం కనురెప్పది. మోచేతికి సరిపోయే మందు రెప్పకి విషంతో సమానం. చర్మం కాగితంలా పలచబడుతుంది, మందు కంట్లోకి దిగి ప్రెషర్ పెంచుతుంది, శుక్లం తెస్తుంది. ఈరోజు నుంచి రెప్పల మీద ఆపేయండి. టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ వంటి స్టెరాయిడ్ కాని మందులున్నాయి, చర్మం డాక్టరు రాస్తారు. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టమని మీ అత్తగారు చెప్తున్నారన్నారు. ఆవిడ ప్రేమకొద్దీ చెప్పిన మాటే, మా అమ్మ కూడా మాకు పెట్టేది. కానీ పూల చల్లదనం ఐరిస్ దాకా చేరదు, ఆ పూట మాత్రం గడిచిపోతుంది.

సోరియాసిస్ మందుల్లో కూడా కంటిని చూసుకోవాల్సినవి ఉన్నాయి. అసిట్రెటిన్ కళ్ళని పొడిబారుస్తుంది, రాత్రి చూపుకి ఇబ్బంది తేవచ్చు. సోరాలెన్ మాత్ర వేసుకుని లైటు చికిత్స తీసుకునేవాళ్ళు ఆ పూటే కాదు, మాత్ర వేసుకున్నప్పటి నుంచి 24 గంటలు యూవీ అద్దాలు పెట్టుకోవాలి, లేకపోతే శుక్లం ముప్పు. ఇవి మీవారు వాడుతున్నారో లేదో చూడండి.

వెళ్ళడానికి ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, నుంగంబాకంలో శంకర నేత్రాలయ ఉంది. వేళచ్చేరిలోనే స్లిట్ ల్యాంప్ ఉన్న కంటి డాక్టరు ఎవరైనా ఈరోజు చూస్తామంటే ముందు అక్కడికే వెళ్ళండి, యువియా నిపుణుల దగ్గరికి తర్వాత పంపిస్తారు. రిసెప్షన్‌లో ‘కన్ను ఎర్రగా ఉంది’ అని మాత్రం చెప్తే మూడు రోజుల తర్వాత రమ్మనొచ్చు. ‘సోరియాసిస్ ఉంది, ఐదు నెలల్లో రెండోసారి, వెలుతురు చూడలేకపోతున్నారు’ అని మూడు మాటలూ చెప్పండి. పాత చుక్కల సీసా, చర్మం క్రీము ట్యూబు, చర్మం డాక్టరు చీటీలు ఒక సంచిలో వేసుకోండి. అప్పట్లో ఎడమ కంటికి ఫోన్లో ఫొటో తీసి ఉంటే అదీ చూపించండి. కనుపాప పెద్దది చేసే మందు వేస్తారు కాబట్టి ఆయన్ని బండి నడపనివ్వద్దు. నల్ల కళ్ళద్దాలు పెట్టి ఆటోలో తీసుకెళ్ళండి, మీరు కూడా వెంట ఉండండి. డాక్టరు ఏం చెప్పారో, ప్రెషర్ ఎంత వచ్చిందో రాయండి, చూసి జవాబిస్తాను.